ఒకటికి పది నాటితే తొర్ర వస్తుందా?

ఉగాది పచ్చడికి కొత్త చింతపండు నానబెడుతూ మా అమ్మ ఆ రోజు నోరు విప్పలేదు. ఏటా అయితే గిన్నెలో చెయ్యి పెట్టీ పెట్టకముందే "పోయినేటి కన్నా కండ బాగుండాది" అనో, "ఎండకు పులుపు ఎక్కువెక్కింది" అనో ఒక మాట అంటుంది. ఆ పండు మా పెరటి చెట్టుది మరి. ముందు రోజు రాత్రి అన్నాలు తిన్నాక తమ్ముడు ఆ చెట్టు కొట్టేద్దామన్నాడు.

"వెనకాల రెండు రూములు, కారుకొక షెడ్డు వేస్తే సాలక్కా. మేము వచ్చినప్పుడన్నా పడుకునేదానికి చోటుంటాది. ఊరికే కొట్టేద్దామనడం లేదు. ఒకటి కొడితే పది నాటుదాం. మామిడి, సపోటా, జామ, నీకేది కావాలంటే అది."

వాడు చెడ్డవాడు కాదు. బెంగళూరులో అద్దె కట్టుకుంటూ, నెలకొకసారి బండి వేసుకొచ్చి అమ్మ మందులు, గ్యాసు, కరెంటు బిల్లు చూసుకునేది వాడే. నేను అనంతపురం నుంచి వచ్చి ఒక పూట ఉండి పోతాను. రెండు రూముల గురించి నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ "ఒకటికి పది" దగ్గరే. ఈ లెక్క మా ఇంట్లో పుట్టింది కూడా కాదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వింటాం, లేఅవుట్లు వేసేటప్పుడు వింటాం. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందంటే, కాదన్నవాళ్లే మొండివాళ్లలా కనబడతారు. ఉగాది పూట నేనూ అలాగే కనబడ్డాను.

మాది హిందూపురం పక్క పల్లె. ఈ పక్క చింత లేని ఊరు లేదు. సీజను వచ్చిందంటే హిందూపురం మార్కెట్ యార్డు దారంతా పులుపు వాసనే. అక్కడ పండు కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలుగా అమ్ముడుపోతుంది. మా చెట్టు పండు కరిపులి కింద పోతుందని మా నాయనకు కొంచెం గర్వం. చెట్టు వయసెంతో ఎవరికీ తెలీదు. మా అవ్వ పెళ్లయి ఈ ఇంటికి వచ్చేసరికే ఊయల కట్టేంత కొమ్మ ఉండేదట. మొన్న ఛాతీ ఎత్తులో టేపు చుట్టి చూస్తే చుట్టుకొలత 4 మీటర్ల 30 సెంటీమీటర్లు వచ్చింది. నేనూ మా మేనల్లుడూ చేతులు చాపితే చాల్లేదు, అమ్మ కూడా వచ్చి మధ్యలో నిలబడింది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. "ఇది మన దేశీ చెట్టు" అనే వాదన నేను చెయ్యను. చింత ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చింది. మన దగ్గర ఎంత పాతుకుపోయిందంటే, అరబ్బులు దీన్ని చూసి "హిందూదేశపు ఖర్జూరం" అని పేరు పెట్టుకున్నారు, ఆ పేరే దాని శాస్త్రీయ నామంలోకి కూడా ఎక్కింది. ఎక్కడ పుట్టిందన్నది నాకు అక్కర్లేదు. ఎన్నాళ్లుగా నిలబడి ఉందన్నదే నాకు కావాలి.

డబ్బు సంగతి చూస్తే తమ్ముడి వైపే న్యాయం ఉంది. నాయన ఉన్నప్పుడు చెట్టు గుత్తకిచ్చేవాళ్లం. శివరాత్రి దాటాక గుత్తదారు మనుషులను వెంటబెట్టుకొని వచ్చేవాడు. ఇద్దరు పైకెక్కి దులిపితే ఆడవాళ్లు కింద ఏరుకునేవాళ్లు. ఆ తర్వాత నెలరోజులు మా వీధిలో ఏ అరుగు మీద చూసినా పెచ్చు తీసి, ఈనె లాగి, గింజ కొట్టే చప్పుడే. ఇప్పుడు ఎక్కేవాళ్లు లేరు. చింత మీద నుంచి పడి నడుం పోయినవాళ్ల కథ ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉంది. ఆ పనికి కొడుకును ఎవరు పంపుతారు? పంపకపోవడమే మంచిది. దోటికి అందినంత రాల్చుకుంటాం, మిగిలింది పైనే ఎండిపోతుంది. కట్టెల వ్యాపారి ఒకాయన వచ్చి, చెట్టును కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, 22,000 అన్నాడు. బోదె మాంసం కొట్లకు మొద్దుగా పోతుంది, కొమ్మలు ఇటుక బట్టీకి పోతాయి. నీళ్లు, నేల, చెట్లు కాపాడే వాల్టా చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి కదా అన్నాను. "అది నేను చూసుకుంటాలే" అన్నాడు తమ్ముడు.

ఇక తొర్ర సంగతి.

నేను ఐదో తరగతిలో ఉండగా గాలివానకు మా ఇంటి వెనక గోడ వైపున్న ఒక పెద్ద కొమ్మ విరిగింది. విరిగిన చోట తాంబాళమంత తెల్లటి మచ్చ పడింది. తర్వాత అది నల్లబడింది. ఇంకొన్నేళ్లకు నడుమ కుంగడం మొదలుపెట్టింది. జరిగేది ఏమిటంటే, గాయంలోంచి పుట్టగొడుగుల జాతి శిలీంధ్రాలు లోపలికి దిగి చేవను, అంటే నడిమి కలపను, కొంచెం కొంచెంగా తింటాయి. చెట్టు ఊరుకోదు. చుట్టూ కొత్త కలప పోసుకుంటూ, ఆ గాయాన్ని లావుపాటి పెదవుల్లాగా మూసుకుంటూ వస్తుంది. అది తినడమూ ఇది మూయడమూ ఏళ్ల తరబడి సాగితే మధ్యలో మిగిలిన ఖాళీయే తొర్ర. మా చెట్టులో ఆ తొర్ర ఒక గుడ్లగూబ జంట చేరేంత లోతు అయ్యేసరికి నాకు పెళ్లయి, నా కూతురు బడికి పోతోంది. పాతికేళ్లు పట్టిందన్నమాట. అదీ అప్పటికే ముసలిదైన చెట్టుకు. ఈరోజు నాటిన మామిడికి ముందు అంత లావు కొమ్మ రావాలి, అది విరగాలి, కుళ్లాలి. దానికి నీళ్లు పోసి ఎదురుచూసేది నేనూ కాదు, తమ్ముడూ కాదు.

చెట్టు తొర్రల్లో బతికే పిట్టల్లో సొంతంగా ఇల్లు తొలుచుకునేవాళ్లు తక్కువ, అద్దెకుండేవాళ్లు ఎక్కువ. కలప తొలిచే ముక్కు వడ్రంగి పిట్టకుంది, కంసాలి పిట్టకుంది. చిలుకకు, గోరింకకు, గుడ్లగూబకు లేదు. చిలుక మహా అయితే ఉన్న కన్నాన్ని కొరికి వెడల్పు చేసుకుంటుంది. మా చెట్టుకు వీధి వైపు ఆకు లేని ఒక మోడు కొమ్మ ఉంది. దాని అడుగు భాగంలో రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్ద కన్నం. ఎండాకాలం మధ్యాహ్నం "టుక్ టుక్ టుక్" అని సుత్తితో రాగి చెంబు కొట్టినట్టు అరిచే కంసాలి పిట్ట చేసుకున్న ఇల్లు అది. వాన లోపలికి రాకుండా నేల వైపు తెరిచింది, చూడండి దాని తెలివి. అదే మోడుకు పైన వడ్రంగి పిట్ట తొలిచిన పెద్ద కన్నం ఇంకొకటి. ఒక ఏడాది దాంట్లో చిలుకలు, మరుసటి ఏడాది గోరింకలు, ఆ మరుసటేడు రెండూ కొట్టుకుంటూ పొద్దున్నే మమ్మల్ని నిద్ర లేపాయి. చెట్టు మొదట్లో, వేళ్ల దగ్గరున్న చీలికలో తొర్రతేనెటీగల పట్టు. దాని జోలికి మేం పోం, మా జోలికి అవి రావు.

తమ్ముడు ఈ మోడునే చూపించి "సగం సచ్చిపోయిందక్కా, లోపలంతా బోలు" అన్నాడు. బోలుగా ఉన్నదల్లా చచ్చిపోయినట్టయితే ఊళ్లో వెదురు బొంగు ఒక్కటీ నిలబడకూడదు. చెట్టుకు నీళ్లు పైకెక్కేది బెరడుకు ఆనుకొని ఉండే పై కలపలోంచే. నడుమ ఉండే చేవ చాలావరకు పాత సామాను, అది పోయినంత మాత్రాన చెట్టు పోదు. మా చెట్టుకు ఈ ఏడూ చిగురు దట్టంగానే వేసింది. చింతచిగురు పప్పు వాడే రెండుసార్లు వడ్డించుకున్నాడు.

పండుగ మరునాడు మేనల్లుడికి పొద్దుపోవడం లేదు. వాడికి పదేళ్లు. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. గుడ్లగూబ తొర్ర కింద, గోడ వారగా, బూడిద రంగు ఉండలు కొన్ని పడి ఉంటే "అత్తా, ఇవేంటివి, ఎలుక పెంటలా?" అని అడిగాడు. కాదురా అని పాత పేపరు పరిచి ఒక ఉండ దాని మీద పెట్టాను. వేలిలో సగం పొడవుంది, తేలిగ్గా ఉంది, ఎండిపోయి వాసన కూడా లేదు. గుడ్లగూబ తిన్నదాంట్లో అరగని ఎముక, వెంట్రుక, పురుగు పెంకు అన్నీ కడుపులో ఉండ కట్టి నోట్లోంచి కక్కేస్తుంది. అగ్గిపుల్లలతో విప్పాం. ముందు అంతా పీచు. ఆ పీచులోంచి నల్లగా మెరుస్తూ పెంకుపురుగు రెక్క డొప్పలు రాలాయి. తర్వాత సూది మొనంత పక్కటెముకలు. చివర్లో, వాడు ఊపిరి బిగబట్టి పుల్లతో లాగితే, ఒక చిన్న దవడ. ముందుపళ్లు నారింజ రంగులో ఉన్నాయి, పసుపు నమిలినట్టు. "పళ్లు తోముకోలేదా?" అన్నాడు. ఎలుక జాతికి ఆ ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, ముందు వైపు గట్టి పొరకు ఆ రంగు అని చెప్పాను. వాడు వినలేదు, అప్పటికే రెండో ఉండ విప్పుతున్నాడు.

మధ్యాహ్నానికి 11 ఉండలు విప్పి, స్టీలు మూత మీద వరస పెట్టాడు. పుర్రెలు 4, దవడలు 9, లెక్క తెగని పురుగు డొప్పలు. వాళ్ల నాయనను పిలిచి చూపించాడు. తమ్ముడు చూసి "అబ్బో" అన్నాడు. మా ఇంట్లో శెనక్కాయల మూటలు పెట్టే గది ఆ గోడకు ఇవతలే ఉంది. జానెడు పొడవుండే ఆ గుడ్లగూబ రాత్రంతా కూర్చునేది ఆ గది కప్పు మీదే. ఇన్నాళ్లూ మూటలకు ఎలుక పట్టకుండా కాపలా కాసింది నేను తెచ్చిన బోనే అని అమ్మ అనుకుంటోంది. నేనూ ఇన్నాళ్లు ఒప్పుకున్నాను.

చెట్టుతో కష్టాలు లేవని నేననను. పోయిన ఏడు ఏప్రిల్‌లో మామిడి జల్లుకు ఒక కొమ్మ విరిగి బాత్రూం రేకుల మీద పడింది. అమ్మ అప్పుడే అందులోంచి బయటికొచ్చింది. ఆ మాట తమ్ముడికి ఇప్పటికీ నిద్రలో వస్తుందట, నాకూ వస్తుంది. ఆకు సన్నగా ఉంటుంది కాబట్టి ఊడ్చినా పోదు, నీళ్ల తొట్టిలో, గుమ్మం సందుల్లో, అన్నం గిన్నెలో కూడా. కోతులు కాయ కోసం వచ్చి వడియాలు ఎత్తుకుపోతాయి. పోయినేడే ఒక జెర్రిపోతు చిలుక పిల్లల కోసం పట్టపగలు బోదె ఎక్కుతుంటే వీధి వీధంతా కర్రలతో వచ్చింది. విషం లేనిదని అరిచి అరిచి నా గొంతు పోయింది. చివరికి అది వచ్చిన దారినే పోయింది, ఒక పిల్లను మింగే పోయింది. అడవి సంబడం అంటే ఇదే. చిలుకలే ఉండాలి, పాము ఉండకూడదు అంటే చెట్టు వినదు.

ఇక దయ్యాలు. చింతచెట్టు కింద రాత్రి పడుకోకూడదు, గుడ్లగూబ అరిస్తే ఇంట్లో ఎవరో పోతారు. ఈమధ్య వాట్సాప్‌లో దీనికి "సైంటిఫిక్ కారణం" కూడా తిరుగుతోంది, రాత్రి చెట్టు విషవాయువు వదులుతుందట. రాత్రి చెట్టు కూడా మనలాగే ఊపిరి పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది, నిజమే. కానీ తలుపులేసుకున్న గదిలో పక్కన పడుకున్న మనిషి వదిలేది ఆరుబయట చెట్టు వల్ల మన ముక్కుదాకా వచ్చేదానికంటే ఎక్కువ. ఆ లెక్కన పెళ్లిళ్లు మానుకోవాలి. అయినా దయ్యాన్ని నేను పూర్తిగా తీసిపారెయ్యను. మా నాయన తరంలో రెండుసార్లు ఈ చెట్టు అమ్మకానికి వచ్చింది. రెండుసార్లూ గొడ్డలి వెయ్యడానికి మనిషి దొరకలేదు, భయం. నా వాదనలన్నీ కలిపినా ఆ దయ్యం చేసినంత మేలు చెయ్యలేదు.

1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం.మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి నాటడం మనకు పండుగ అయింది. గుంత తవ్వి, మొక్క పెట్టి, ఫోటో దిగి, ఇంటికి పోవచ్చు. ఉన్న చెట్టును ఉన్నట్టు ఉంచడానికి పండుగ లేదు. ఫోటో కూడా రాదు, నిన్న ఎలా ఉందో ఈరోజూ అలాగే ఉంటుంది కదా. హైదరాబాదు నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో చేవెళ్ల మర్రిచెట్ల మీద ఇన్నేళ్లుగా జరిగిన గొడవ చూడండి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డును వెడల్పు చెయ్యాలన్నారు, దారికి రెండు వైపులా దాదాపు 900 మర్రులు. కొట్టొద్దంటే, వేళ్లతో పెకలించి వేరేచోట నాటుతాం అన్నారు. పెకలించడమంటే ముందు కొమ్మలన్నీ నరికి బోదెను మాత్రమే క్రేనుకు తగిలించడం. బతికితే సంతోషమే. కానీ తొర్రలున్న కొమ్మలు అప్పటికే లారీ ఎక్కేసి ఉంటాయి. కాగితం మీద చెట్టు బతికినట్టే లెక్క, అద్దెకున్నవాళ్లు మాత్రం ఎక్కడికి పోయారో ఎవరూ రాసుకోరు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు మునిగినప్పుడు, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్నచోట ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికి బయటపడ్డారు. నేనొకసారి ఆ చెట్టు కింద నిలబడ్డాను, ఆసుపత్రి పనిమీద పోయి. ఆ రోజు దాని బదులు అక్కడ పది మొక్కలు ఉండి ఉంటే ఎవరు ఎక్కేవాళ్లు? ఇది తమ్ముడికి చెబితే, "మన ఊళ్లో ఏరే లేదు కదక్కా" అన్నాడు. నిజమే, నవ్వొచ్చింది. మా పక్క చెరువు నిండడమే గగనం.

అందుకే మూసీ దాకా పోకుండా వాణ్ని, మేనల్లుణ్ని బండెక్కించి వీరాపురం తీసుకుపోయాను. చిలమత్తూరు మండలం, మాకు దగ్గరే. ఏటా చలికాలం చివర్లో ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరికి వచ్చి, ఇళ్ల మధ్యనున్న చింతచెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని చేసుకొని వానాకాలంలో పోతాయి. పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లాగే ఉంటుంది వాటి వరస, వచ్చిన దగ్గర్నుంచి సందడే. ఒక్కో చెట్టు మీద తెల్లగా గూళ్లు గూళ్లు, కింద రెట్ట కంపు, పైనుంచి జారిపడిన చేప ముక్కలు. మేనల్లుడు ముక్కు మూసుకున్నాడు. ఆ చెట్ల కిందే ఒకావిడ గిన్నెలు తోముకుంటోంది. ఇంత కంపు ఎలా భరిస్తారమ్మా అని తమ్ముడు అడిగితే ఆవిడ వాడి వైపు వింతగా చూసి, "మరి చెట్టు ఉండాది కదా, అవి యాడికి పోతాయి?" అంది. తిరిగొచ్చేటప్పుడు వాడు ఎక్కువ మాట్లాడలేదు.

నా వల్లే వాడి మనసు మారిందని రాసుకోవాలని ఉంది. అలా జరగలేదు. ఇంటికొచ్చాక వాడు టేపు పట్టుకొని మళ్లీ పెరట్లోకి పోయాడు. నేను వెనకాలే పోయి పాతికేళ్ల తొర్ర గురించి మళ్లీ మొదలుపెట్టాను. వాడికి విసుగొచ్చి, "నీకు చెప్పేదానికేం, పెళ్లయి పోయినావు. రేకులు పగిలితే పరిగెత్తాల్సింది నేను" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అందులో సగం నిజం ఉంది కాబట్టి ఇంకా గుచ్చుకుంది. నేను కూడా ఏదో అన్నాను, ఇక్కడ రాయను.

అప్పుడు అమ్మ, చెట్టు కింద నులక మంచం మీద కూర్చొని ఈనెలు తీసుకుంటున్నది, తల ఎత్తకుండానే అంది: "కొట్టుకుంటే కొట్టుకోండి. మధ్యాన్నం పూట నేను యాడ కూర్చోవాలో మాత్రం చెప్పి కొట్టండి."

తమ్ముడు టేపు మడిచేశాడు. చిలుకలు, పుర్రెలు, చేవెళ్ల, మూసీ, ఇన్ని చెప్పినా రానిది ఆ ఒక్క ముక్కకు వచ్చింది. నాకు సంతోషంతో పాటు కొంచెం కడుపుమంట కూడా అని ఒప్పుకోవాలి.

ఇప్పటికి కుదిరింది ఇదీ. రూములు మిద్దె మీదికి పోయాయి, పాత గోడలు ఆ బరువు ఓర్చుకుంటాయో లేదో మేస్త్రీ చూసి చెప్పాలి. కారు వీధిలో కానుగ చెట్టు కింద. బాత్రూం మీదికి వాలిన కొమ్మను మొదలంటా కొట్టకుండా, రేకుల మీదికి రానంత వరకే తగ్గించాలి. మోడు ఉండిపోతుంది. తమ్ముడు మాత్రం రెండు మామిడి మొక్కలు తెచ్చి గేటు పక్కన నాటాడు. దానికి నేను అడ్డు చెప్పలేదు, గుంత తవ్వింది కూడా నేనే.

కొమ్మ కొట్టడానికి పక్క ఊరి నుంచి ఒక పెద్దాయనను పిలిపించాం, ఈ చుట్టుపక్కల ఇంకా చింత ఎక్కేది ఆయనొక్కడే. అరవై దాటాయి. తాడు తెచ్చుకుంటే ఎక్కమని, లేకపోతే వద్దని తమ్ముడు గట్టిగా చెప్పాడు. ఆయన చెట్టు చుట్టూ తిరిగి, తొర్ర చూసి, మోడు చూసి, కూలి 1,500 అన్నాడు, రేపే వస్తానన్నాడు. పిల్లలున్నారు, ఎగిరిపోయేదాకా ఒక నెల ఆగి రమ్మన్నాను.

ఆయన ఇంటి వైపు చూశాడు, మంచం మీద ఫోన్ చూసుకుంటున్న మేనల్లుడి వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు.

"ఎవరి పిల్లలమ్మా?"